సంఘపు సరకుబండికి చక్రము, టైరు: కొలత నెంచుకొను విధము



మన సంఘపు సరకుబండికి, అనగా మనము వాడుకలో పికప్పు అని పిలుచు వాహనమునకు, వెనుక టైరులు రెండును అరిగిపోయినవి. ముందరి రెండును ఆ దారిలోనే యున్నవి. రానున్న సర్వసభ్య సమావేశమున క్రొత్త టైరుల కొనుగోలు చర్చకు రాగలదు. గత సమావేశమునందే ఈ విషయమున మూడు అభిప్రాయములు వెలువడినవి. కొందరు యువ సభ్యులు, పొరుగూరి బండ్లకు వేసినట్లు వెడల్పుగల పెద్ద టైరులను, మెరయు అల్లాయ్ రిమ్ములను వేయింపవలెననిరి. మరికొందరు, కారు టైరులు చవుకగా దొరకుచుండగా హెచ్చు ధర పెట్టనేల యనిరి. తక్కినవారు, ఉన్న కొలతయే చాలుననిరి గాని అది యేల చాలునో చెప్పలేకపోయిరి.

సొమ్ము అందరిది. బండిపై ఎక్కునది మన ధాన్యము, మన మనుష్యులు. కావున చేయెత్తు ప్రతి సభ్యుడును విషయము నెరిగి చేయెత్తుట మంచిది. గడచిన కోతల కాలమున రెండు పుట్ల ధాన్యముతో వచ్చుచున్న ఒక బండికి కాలువ గట్టుపై వెనుక టైరు పగిలి, బండి ప్రక్కకు ఒరిగినపుడు ఈ వ్యాసకర్త ఆ బండిలోనే యుండెను. ప్రాణహాని కలుగలేదు. బస్తాలు కొన్ని కాలువ పాలైనవి. ఆనాడు అందరును టైరును తిట్టిరి. తరువాత కాగితము తీసి లెక్క వేసి చూడగా తప్పు టైరుది కాదని తేలినది. ఆ లెక్కయే ఈ పాఠమునకు మూలము.

1. బండిచక్రము నేర్పిన పాఠము

మన పెద్దలు ఎద్దుబండి చేయించునపుడు చక్రపు ఎత్తును వడ్రంగి యిష్టమునకు విడిచిపెట్టలేదు. పొలము గట్లు దాటు బండికి ఎత్తైన చక్రము కావలెను; బరువెక్కించుటకు నేల దగ్గరగా నుండు బండి కావలెను. ఇరుసు ఎంత బలమైనదో, ఆకులెన్నియో, ఇనుప పట్టా యెంత వెడల్పో చూచి, ఆ బండి ఏ నేలపై ఎంత మోయునో నిర్ణయించెడివారు. సన్నని పట్టాగల చక్రము గట్టి బాటపై తేలికగా దొరలును గాని తడి మాగాణిలో కత్తివలె దిగిపోవును. నేల, బరువు, చక్రము అను మూడింటికిని పొత్తు కుదురవలెననునదే ఆనాటి వడ్రంగి శాస్త్రము. మోటారు బండికిని అదే శాస్త్రము.

గాలి టైరు చరిత్ర అంత పురాతనమైనది కాదు. రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు పద్ధతికి అమెరికాలో ఛార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంటు పొందెను. గాలి నింపిన చక్రమునకు స్కాట్లండు దేశీయుడైన రాబర్టు థామ్సన్ 1845లో పేటెంటు పొందినను అది వాడుకలోనికి రాలేదు. 1888లో బెల్ఫాస్టు నగరమున పశువైద్యుడైన జాన్ డన్లప్ తన కుమారుని మూడు చక్రముల బండికి గాలి టైరు తొడిగిన తరువాతనే అది లోకమున వ్యాపించినది. నేడు మనము వాడు రేడియల్ టైరుకు ఫ్రాన్సు దేశపు మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు పొందినది. అదే సంవత్సరమున మద్రాసు ప్రక్కనున్న తిరువొత్తియూరులో రబ్బరు బుడగల పరిశ్రమగా మొదలైన ఎం.ఆర్.ఎఫ్. తరువాత పెద్ద టైరుల కంపెనీయైనది. నేడు తిరుపతి జిల్లాలోనున్న చినపాండూరులో 2020 నుండి అపోలో టైరుల కర్మాగారము పనిచేయుచున్నది. అనగా టైరు మనకు పరదేశపు వింత వస్తువు కాదు. దాని భాషను చదువుట నేర్చుకొనుటయే మిగిలినది.

2. టైరు ప్రక్కన వ్రాసిన అంకెలు

టైరు ప్రక్క గోడపై అచ్చు పోసిన అక్షరములే దాని జాతకము. ఉదాహరణమునకు ఒక టైరుపై ఇట్లున్నదనుకొందము:

195/80 ఆర్ 15 ఎల్.టి. 106/104 క్యూ

ఇందు 195 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటరులలో. 80 అనునది ప్రక్క గోడ ఎత్తు; ఇది మిల్లీమీటరులు కాదు, వెడల్పులో నూటికి ఎనుబది పాళ్లు. 195లో నూటికి ఎనుబది పాళ్లనగా 156 మిల్లీమీటరులు. ఆర్ అను అక్షరము రేడియల్ అనుటకు గుర్తు. 15 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. ఒకే వరుసలో మిల్లీమీటరులు, శాతములు, అంగుళములు కలిసియుండుటచేతనే పలువురు తికమకపడుదురు.

ఎల్.టి. అనగా తేలిక సరకుబండికై చేసిన టైరని అర్థము. ఈ అక్షరములున్న టైరు గోడ, కారు టైరు గోడకన్న బలముగా నుండి, హెచ్చు గాలి ఒత్తిడిని తాళును. కొన్నిటిపై 8 పి.ఆర్. అనియు నుండును. పూర్వము నూలు పొరలతో టైరు చేయు దినములలో ఇది పొరల సంఖ్యను తెలిపెడిది. నేడది బలమునకు కొలమానమే గాని లోపల నిజముగా ఎనిమిది పొరలున్నవని కాదు.

106/104 అనునవి బరువు సూచికలు. మొదటిది, ఇరుసునకు ఒక్కొక్క ప్రక్క ఒక్కొక్క టైరున్నపుడు ఆ టైరు మోయగల బరువును తెలుపును. రెండవది, ఒక్కొక్క ప్రక్క జంట టైరులున్నపుడు ఒక్కొక్కటి మోయగల బరువు. ఈ సూచిక కిలోలు కాదు. దానికొక పట్టిక కలదు. మనకు పనికివచ్చు భాగమిది:

100 అనగా 800 కిలోలు
102 అనగా 850 కిలోలు
104 అనగా 900 కిలోలు
105 అనగా 925 కిలోలు
106 అనగా 950 కిలోలు
108 అనగా 1,000 కిలోలు

చివరి అక్షరము వేగపు హద్దు. క్యూ అనగా గంటకు 160 కిలోమీటరులు. మన బాటలపై ఆ వేగముతో మనకు పనిలేదు. మనము చూడవలసినది బరువు సూచికను.

3. చక్రపు వ్యాసమును లెక్కించుట

ఒక అంగుళము 25.4 మిల్లీమీటరులు. 15 అంగుళముల రిమ్ము 381 మిల్లీమీటరులగును. దీనికి పైన ఒక గోడ, క్రింద ఒక గోడ చేర్చవలెను. పై ఉదాహరణములో 156, 156 కలిసి 312. మొత్తము 693 మిల్లీమీటరులు. ఇది గాలి నింపిన టైరు పూర్తి వ్యాసము.

ఇప్పుడు యువ సభ్యులు కోరిన పెద్ద టైరును చూతము. అది 235/75 ఆర్ 15. 235లో నూటికి డెబ్బదియైదు పాళ్లు 176.25. రెండు గోడలకు 352.5. రిమ్ముతో కలిసి 733.5 మిల్లీమీటరులు. పాతదానికన్న 40.5 మిల్లీమీటరులు పెద్దది. అనగా నూటికి ఇంచుమించు 5.8 పాళ్లు హెచ్చు.

నడిమి కొలతయైన 215/75 ఆర్ 15 లెక్క వేసినచో 703.5 వచ్చును. ఇది నూటికి ఒకటిన్నర పాళ్లు మాత్రమే హెచ్చు. కంపెనీవారు ఒకే బండికి వేర్వేరు రకములలో దగ్గర దగ్గర కొలతలను అనుమతించుట కలదు. అట్టి అనుమతి బండి పుస్తకములో నున్నదా లేదా యని చూచుకొనిన తరువాతనే మార్పును తలపెట్టవలెను.

4. పెద్ద టైరు వలన వచ్చునదేమి, పోవునదేమి?

గత సమావేశమున ఒక వృద్ధ రైతు, "అయ్యా, పెద్ద చక్రముగల బండి గట్టును తేలికగా ఎక్కదా? మా నాయన కాలమునుండి మేము చూచినదే గదా!" అని యడిగెను. ఆయన మాట సత్యమే. ఎత్తైన చక్రము గుంటలో తక్కువగా పడును, గట్టును తేలికగా ఎక్కును. కాని ఎంత తేలికగా అని లెక్క చూడవలెను. వ్యాసము 40.5 మిల్లీమీటరులు పెరిగిన యెడల ఇరుసు లేచునది అందులో సగము, అనగా 20 మిల్లీమీటరులు మాత్రమే. ఇది ఒక అంగుళము కూడ కాదు. ఈ కొద్దిపాటి లాభమునకు మనము చెల్లించు వెల ఈ క్రింది విధముగా నుండును.

మొదటిది, లాగుడు తగ్గును. ఇంజను ఇరుసునకిచ్చు త్రిప్పుడు బలము మారదు. చక్రము పెద్దదైన కొలది నేలను వెనుకకు త్రోయు బలము తగ్గును. మన ఉదాహరణమున నూటికి అయిదున్నర పాళ్లు తగ్గును. బ్రేకు పట్టుకు కూడ ఇంచుమించు ఇంతే నష్టము. నిండు బరువుతో ఏటవాలు గట్టు ఎక్కునపుడు డ్రైవరు దీనిని వెంటనే గుర్తింపగలడు.

రెండవది, వేగము చూపు ముల్లు అబద్ధము చెప్పును. అది చక్రము చుట్లను లెక్కించునే గాని దూరమును చూడదు. ముల్లు 60 చూపునపుడు బండి నిజముగా ఇంచుమించు 63 కిలోమీటరులకు పైగా పోవుచుండును.

మూడవది మన సంఘమునకు ముఖ్యమైనది. మనము బండి బాడుగను కిలోమీటరు లెక్కన వసూలు చేయుచున్నాము. పెద్ద టైరు వేసిన పిమ్మట మీటరు 1,000 కిలోమీటరులు చూపువేళకు బండి 1,058 కిలోమీటరులు తిరిగియుండును. 58 కిలోమీటరుల డీసెలు, అరుగుదల సంఘము నెత్తిన పడును. కిలోమీటరు బాడుగ 20 రూపాయలనుకొనినచో నెలకు 1,160 రూపాయలు, సంవత్సరమునకు 13,920 రూపాయలు ఎవరి లెక్కలోను కనబడక పోవును. డీసెలు లెక్క చూచు గుమాస్తా, బండి నూనె త్రాగుచున్నదని డ్రైవరును అనుమానించుటయు సంభవించును. నిర్దోషియైన పనివానిపై నింద వచ్చుట సంఘమునకు మేలు కాదు.

నాలుగవది, వెడల్పు టైరు చక్రమును పూర్తిగా త్రిప్పినపుడు బురదరేకులకు గాని, చట్రమునకు గాని రాచుకొనవచ్చును. ఖాళీ బండికి రాచుకొననిది, బరువెక్కి పట్టీలు క్రుంగినపుడు రాచుకొనును. కావున దుకాణము ముందర ఖాళీ బండితో చూచి తృప్తిపడరాదు.

5. పుట్టి లెక్క, టైరు లెక్క

ఇపుడు అన్నిటికన్న ముఖ్యమైన భాగమునకు వత్తము. మన నెల్లూరు సీమలో ధాన్యపు పుట్టి యనగా 850 కిలోలు. పుట్టిన్నర 1,275 కిలోలు; 75 కిలోల బస్తాలైనచో పదునేడు. రెండు పుట్లు 1,700 కిలోలు.

లెక్క కొరకు ఒక బండిని ఊహించుకొందము. ఖాళీగా దాని ముందరి ఇరుసుపై 950 కిలోలు, వెనుక ఇరుసుపై 700 కిలోలు ఉన్నవి. దానికి అనుమతింపబడిన సరకు 1,300 కిలోలు. సరకు తొట్టి వెనుక ఇరుసునకు దగ్గరగా నుండుటచేత, ఎక్కించిన బరువులో ఎనిమిదింట ఏడు పాళ్లు వెనుకకు పోవునని యెంచుదము.

పుట్టిన్నర ఎక్కించినపుడు: 1,275లో ఎనిమిదింట ఏడు పాళ్లు ఇంచుమించు 1,116. దీనికి 700 చేర్చగా 1,816. ఇది రెండు టైరులపై పడును గనుక ఒక్కొక్కదానిపై 908 కిలోలు. 106 సూచికగల టైరు 950 మోయును. కావున బండి క్షేమము.

రెండు పుట్లు ఎక్కించినపుడు: 1,700లో ఎనిమిదింట ఏడు పాళ్లు ఇంచుమించు 1,488. దీనికి 700 చేర్చగా 2,188. ఒక్కొక్క టైరుపై 1,094 కిలోలు. టైరు హద్దు 950. అనగా ఒక్కొక్కటి 144 కిలోలు హెచ్చుగా మోయుచున్నది. ఇది రెండు బస్తాల యెత్తు. ఎండ కాచిన బాటపై ఇట్టి టైరు గోడ ప్రతి చుట్టునకు హెచ్చుగా వంగి లేచును. ఆ వంగుడు వేడిగా మారును. వేడి చేత రబ్బరు లోపలి త్రాళ్లనుండి విడిపోవును. ఒకనాడు మోసినది మరునాడును మోయునని చెప్పలేము. దెబ్బ లోపల కూడుచునే యుండును. గడచిన కోతలలో పగిలిన టైరు కథ ఇదియే.

ఇక చవుక కారు టైరు సంగతి. 105 సూచికగల 235/75 ఆర్ 15 కారు టైరు 925 కిలోలు మోయునని పట్టిక చెప్పును. పుట్టిన్నరకు అది చాలునని తోచును. కాని కారు రకపు టైరును సరకుబండికి వేసినపుడు దాని శక్తిని 1.10చే భాగింపవలెనని అమెరికా దేశపు టైరు ప్రమాణములు చెప్పుచున్నవి. అట్లు భాగింపగా 841 కిలోలే మిగులును. మనకు కావలసినది 908. కావున ఆ టైరు వెడల్పుగా, బలముగా కంటికి కనబడినను పుట్టిన్నరకే చాలదు. టైరు వెడల్పు వేరు, టైరు బలము వేరు. ఈ ఒక్క మాట జ్ఞాపకముంచుకొనిన సభ్యునికి ఈ పాఠము వ్యర్థము కాలేదు.

రెండు పుట్లు వేయకున్న బాడుగ గిట్టదని కొందరందురు. చిన్న రైతు కష్టము మనకు తెలియనిది కాదు. కాని లెక్క చూడుడు. ఆరు పుట్ల పంటను రెండేసి పుట్ల చొప్పున మూడు మారులు తోలుదురు. పుట్టిన్నర చొప్పున నాలుగు మారులు తోలవలెను. తేడా ఒక్క తిరుగుడు. ఆ ఒక్క తిరుగుడు ఖర్చును ప్రక్క ప్రక్క పొలముల రైతులు కలిసి పంచుకొనుటకే గదా సంఘమున్నది!

6. రిమ్ము విషయము

రిమ్ము కొనునపుడు వ్యాసము కలిసినంత మాత్రమున చాలదు. నాలుగు సంగతులు సరిపోవలెను. బోల్టు రంధ్రముల సంఖ్య, అవి నిలుచు వలయపు వ్యాసము, నడిమి రంధ్రపు కొలత, రిమ్ము లోపలికి గాని బయటికి గాని జరిగియుండు దూరము. ఈ చివరిదానిని ఆఫ్‌సెట్టు అందురు. చక్రము బయటికి జరిగినచో బండి వెడల్పుగా, అందముగా కనబడును గాని, ఇరుసు బేరింగులపై బరువు తులకోలవలె దూరము నుండి పనిచేసి వానిని త్వరగా అరుగగొట్టును.

రిమ్ము వెడల్పు టైరు వెడల్పునకు తగియుండవలెను. 195 టైరుకు అయిదున్నర అంగుళముల రిమ్ము తగినది. 235/75 టైరుకు ఆరు అంగుళములకు తక్కువగాని రిమ్ము కావలెను. ఇరుకు రిమ్ముపై వెడల్పు టైరు వేసినచో గోడలు ఉబ్బి, నడుమ మాత్రమే నేలనంటి, నడుమ అరిగిపోవును. మలుపులందు బండి ఊగును.

పెద్ద రిమ్ము, సన్నని గోడ అను నేటి వేడుకను గూర్చి ఒక మాట. 17 అంగుళముల రిమ్ముపై 215/60 టైరు వేసినచో మొత్తము వ్యాసము ఇంచుమించు 690 మిల్లీమీటరులు. పాత వ్యాసమునకు దగ్గరే. మీటరు సరిగానే చూపును. కాని గోడ ఎత్తు 156 నుండి 129 మిల్లీమీటరులకు తగ్గును. గుంటలో పడినపుడు దెబ్బను మ్రింగునది ఆ గోడయే. గోడ తగ్గిన కొలది దెబ్బ రిమ్మునకు తగులును. ఇనుప రిమ్ము వంగినచో సుత్తితో సరిచేయుదురు. అల్లాయ్ రిమ్ము పగులును. నున్నని పట్టణపు బాటలకు తగిన వేడుక మన కాలువ గట్లకు తగదు.

7. మన నేలలు, మన బాటలు

విడవలూరు సీమలో ఒకే దినమున బండి మూడు రకముల నేలను చూచును. కోవూరు, నెల్లూరు వైపు తారుబాట. పెన్నా కాలువల క్రింది మాగాణిలో ఒండ్రు మట్టి గట్లు. తూర్పున రామతీర్థము వైపు సముద్రపు ఇసుక. ఈశాన్య ఋతుపవనముల వానలు అక్టోబరు నుండి డిసెంబరు వరకు గట్లను నానబెట్టును. కోతల నాటికి ఎండలు ముదురును. రొయ్యల గుంటల కట్టలపై ఉప్పునీరు చిందును.

టైరు నేలనంటు భాగమున గాళ్లు రెండు విధములు. నిలువు గీతల టైరు తారుబాటపై చల్లగా, తిన్నగా నడచి తక్కువ అరుగును గాని తడి మట్టిలో జారును. ఎడము ఎడముగా ముద్దలున్న టైరు, దీనినే డ్రైవరులు బటను టైరందురు, మట్టిని పట్టుకొనును గాని తారుపై రొద చేసి త్వరగా అరుగును. మన వాడుకకు ఈ రెండు లక్షణములు కలిసిన మిశ్రమ రకము మేలు. అచ్చమైన బురద టైరు ట్రాక్టరునకే విడిచిపెట్టుదము.

ఇసుకలో బండి దిగబడినపుడు కొందరు గాలి తీయుదురు. దీనిలో నిజమున్నది. టైరు నేలనంటు వైశాల్యము ఇంచుమించు బరువును గాలి ఒత్తిడిచే భాగించినంత. 908 కిలోల బరువును 60 పౌనుల ఒత్తిడితో, అనగా చదరపు సెంటీమీటరునకు 4.2 కిలోల చొప్పున, మోయు టైరు 216 చదరపు సెంటీమీటరుల మేర నేలనంటును. ఒత్తిడిని 30 పౌనులకు దించినచో వైశాల్యము రెట్టింపగును. టైరు ఇసుకపై తేలును. కాని సగము గాలిగల టైరు తన పూర్తి బరువులో ఇంచుమించు పదింట ఆరు పాళ్లే మోయగలదు. కావున గాలి తీయుట ఖాళీ బండికి, మెల్లని నడకకు, కొద్ది దూరమునకు మాత్రమే తగును. గట్టి బాట ఎక్కిన వెంటనే మరల గాలి నింపవలెను. బరువుతో ఇసుకలోనికి దిగుటకన్న, సరకును ట్రాక్టరు మీద గట్టి బాటవరకు తెచ్చి అచ్చట ఎక్కించుకొనుట తెలివి.

తీరపు సర్కారు తుమ్మ ముళ్లు మనకు తెలిసినవే. ముల్లు గ్రుచ్చుకొనిన ట్యూబులేని టైరు మెల్లగా గాలి విడుచును. ట్యూబుగలది తటాలున కూలబడును. అయితే ట్యూబులేని టైరు రిమ్ము అంచును గట్టిగా కరచియుండవలెను. ఉప్పునీటిచే ఆ అంచు త్రుప్పుపట్టినచో గాలి అచ్చటినుండి కారును. కావున రొయ్యల తోలకము చేసిన సాయంకాలము చక్రములను మంచినీటితో కడుగుట డ్రైవరు ధర్మముగా నుండవలెను.

8. కొనునపుడు, వాడునపుడు

టైరు గోడపై నాలుగంకెల తేదీ గుర్తుండును. 3524 అనగా 2024వ సంవత్సరము 35వ వారమున తయారైనదని అర్థము. గాళ్లు నిండుగా నున్నను ఏండ్ల తరబడి దుకాణమున పడియున్న టైరు రబ్బరు గట్టిపడి పగుళ్లు తీయును. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో చూడవలెను. రసీదు తప్పక తీసికొనవలెను.

ఒకే ఇరుసుపై రేడియల్ టైరును, అడ్డత్రాళ్ల పాత రకపు టైరును కలుపరాదు. ఒకటి క్రొత్తది, ఒకటి అరిగినది వేయుటయు మంచిది కాదు. స్టెప్నీ కొలత తక్కిన నాలుగింటి కొలతయే కావలెను.

గాలి ఒత్తిడి ఎంత యుండవలెనో డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కంపెనీ చీటీలో నుండును. ఖాళీ బండికి ఒకటి, నిండు బండికి వేరొకటి వ్రాసియుండును. దానినే అనుసరింపవలెను. టైరు చల్లగా నున్నపుడు, తెల్లవారి బండి తీయకముందే కొలువవలెను. గాళ్ల నడుమ అక్కడక్కడ చిన్న దిమ్మెలుండును, అవి 1.6 మిల్లీమీటరుల లోతున నిలుచును. అరుగుదల ఆ దిమ్మెలను చేరిన నాడు ఆ టైరు ఆయుర్దాయము తీరినదని గ్రహింపవలెను.

9. చట్టము చెప్పునది

1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున వ్రాసిన వివరములు కంపెనీ మొదట నిర్దేశించిన వానికి భిన్నమగునట్లు యజమాని బండిని మార్పు చేయరాదు. అదే చట్టము 194వ విభాగము, 2019 సవరణ పిమ్మట, హెచ్చు బరువునకు 20,000 రూపాయల జరిమానాను, మించిన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలను విధించుచున్నది. దింపుడు కూలియు మనదే. ప్రమాదము జరిగిన పిమ్మట భీమా కంపెనీ మొదట అడుగునదియు ఈ రెండు సంగతులనే. సంఘపు బండియగుట చేత ఆ నష్టము ఒక్కరిది కాక అందరిదగును.

10. సారాంశము

ఒకటి: కంపెనీ నిర్దేశించిన కొలతయే మేలు. మార్పు తప్పనిసరియైనచో బండి పుస్తకము అనుమతించిన కొలతకు మాత్రమే మారవలెను.

రెండు: ఎల్.టి. గుర్తు, తగిన బరువు సూచిక లేని టైరును ఎంత చవుకైనను కొనరాదు.

మూడు: ఇనుప రిమ్ములు బాగుగ నున్నంతవరకు వానినే యుంచవలెను. అల్లాయ్ రిమ్ముల సొమ్ముతో మంచి టైరులు కొనవచ్చును.

నాలుగు: గాళ్లు మిశ్రమ రకమువి కావలెను.

అయిదు: ఏ టైరు వేసినను పుట్టిన్నరకు మించి ఎక్కింపరాదు. ఇది మొదటిమాటగా చెప్పవలసినది. చివర చెప్పుట, జ్ఞాపకముండుటకే.

సమావేశమునకు వచ్చు సభ్యులు ఇంటివద్ద ఈ రెండు ప్రశ్నలకు ఉత్తరము వ్రాసికొని రావలెనని మనవి. మొదటిది: 205/70 ఆర్ 16 టైరు పూర్తి వ్యాసమెంత? అది మన 693కు దగ్గరా, దూరమా? రెండవది: మీ ఇంటి ట్రాలీకి గాని, ఆటోకు గాని ఉన్న టైరు గోడపై బరువు సూచిక యెంత? మీరు ఎక్కించుచున్న బరువెంత? మొదటి ప్రశ్నకు ఉత్తరము 693.4. రెండవదానికి ఉత్తరము మాకు తెలియదు; చాక్పీసొకటి, బస్తాల లెక్కయొకటి తీసికొని మీరే బండివద్దకు పోయి చూడవలెను. ఆ లెక్క సరిపోయిననాడు మీ ధాన్యమును, దానిపై కూర్చున్న మీ పిల్లలును సురక్షితముగా ఇల్లు చేరుదురు. అసలు సరకు బస్తాలపై మనుష్యులను కూర్చుండబెట్టుటయే తగదు. దానిని గూర్చి వేరొక సంచికలో విపులముగా వ్రాసెదము.